పుస్తకం ఒక పద్దులో, పంతులు ఇంకో పద్దులో

భద్రాచలం ఏజెన్సీలో ఏ మండలం తీసుకున్నా సర్కారు బడులు ఒక్క రకంగా ఉండవు. మండల పరిషత్తు బడి ఉంటుంది. గిరిజన సంక్షేమ శాఖ నడిపే ప్రాథమిక పాఠశాల ఉంటుంది. ఆశ్రమ పాఠశాల, గురుకులం, కస్తూర్బా, ఇప్పుడు కొన్ని మండలాల్లో కొత్తగా ఏకలవ్య. అన్నిటి గేటు మీదా సర్కారు బోర్డే. కానీ పంతులుకు జీతం ఎవరిస్తారు, వానకు గోడ కూలితే ఎవరికి అర్జీ పెట్టాలి అని అడిగితే ఒక్కో బడికి ఒక్కో జవాబు వస్తుంది. ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు మూడు బడుల్లో చదివితే, వాళ్ల మీద సర్కారు పెట్టే ఖర్చు కూడా మూడు తీరులుగా ఉంటుంది.

ఇది ఒక్కరోజులో అయింది కాదు. ఈ నేల మీద పెత్తనం మారినప్పుడల్లా బడి ఖర్చు భరించే చెయ్యి కూడా మారుతూ వచ్చింది. భూమి గురించి, అడవి గురించి మనవాళ్లు చాలా రాశారు. 1/70 చట్టం అంటే ఏమిటో గూడెంలో ముసలివాళ్లు కూడా చెప్పగలరు. బడి పైసలు ఎక్కడి నుంచి వస్తాయో రాసినవాళ్లు మాత్రం తక్కువ. ఈ బడుల్లోనే పనిచేసే మేం ఆ పని మొదలుపెడుతున్నాం.

గోదావరి మనకు నది, రాజులకు సరిహద్దు. ఇవతల పాల్వంచ, ఇల్లెందు నిజాం రాజ్యంలో ఉండేవి. అవతల భద్రాచలాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. కొంతకాలం అది సెంట్రల్ ప్రావిన్సెస్‌లో, సిరోంచ కేంద్రంగా ఉన్న అప్పర్ గోదావరి జిల్లాలో ఉంది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి, గోదావరి జిల్లాకు మారింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చింది, 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. దుమ్ముగూడెం పక్కన ఒక కోయ గూడెం ఒక్క అడుగు కదలకుండానే నాగపూర్, మద్రాసు, కర్నూలు, హైదరాబాద్ అనే నాలుగు రాజధానుల కింద బతికింది.

దుమ్ముగూడెంలో 1860ల్లోనే చర్చి మిషనరీ సొసైటీ వాళ్లు కోయల మధ్య పని మొదలుపెట్టారు. గోదావరి మీద పడవల దారి కోసం ఆనకట్ట కడుతున్న ఇంజనీర్ల వెంట మిషన్ వచ్చింది. పడవల దారి పని 1871లో ఆగిపోయింది, మిషన్ మాత్రం ఉండిపోయింది. జాన్ కెయిన్ అనే మిషనరీ అక్కడ ఏళ్ల తరబడి ఉండి కోయల గురించి రాశాడు. అప్పటికి సర్కారు విధానం ఏమిటంటే, 1854 నాటి ఉడ్ ప్రకటన ప్రకారం తానే అన్నిచోట్లా బడి పెట్టకుండా, పెట్టినవాళ్లకు గ్రాంటు ఇవ్వడం. ఖర్చులో ఒక వంతు తానిచ్చి మిగతా వంతు ఇంకొకరి మీద పెట్టే లెక్క అప్పటిది. ఇవ్వాళ ఆఫీసుల్లో 60:40 అంటున్నది దానికి మనవడి వరస.

ఇవతల ఒడ్డు కథ వేరు. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో. ఆదివాసీ పిల్లలకు బడి పెట్టాలన్న ఆలోచన ఆ సర్కారుకు 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయిన తర్వాతే వచ్చింది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సలహా మీద 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు పంతుళ్ల శిక్షణ కేంద్రం మొదలైంది. ఆయన మన గోదావరి గట్టు మీది కొండరెడ్ల మధ్య కూడా తిరిగినవాడే, వాళ్ల మీద ఆయన పుస్తకం 1945లో వచ్చింది. మార్లవాయిలో జరిగింది ఇక్కడ కొంచెం నిలబడి చూడాలి. గోండి వాచకాలు అచ్చు వేయించారు. చదువు చెప్పడానికి గోండు యువకులనే తయారుచేశారు. పుస్తకానికీ పంతులు జీతానికీ పైసలు ఒకే ఖజానా నుంచి, ఒకే పద్దు నుంచి వచ్చాయి. నిజాం సర్కారును పొగడటానికి ఈ మాట చెప్పడం లేదు. తుపాకులు పేల్చాక చల్లార్చడానికి చేసిన పని అది. కానీ పుస్తకం, పంతులు ఒక్కచోట కలిసిన సందర్భం మన చరిత్రలో దాదాపుగా అదొక్కటే. హైదరాబాద్ రాజ్యం పోయాక గోండి వాచకాలు బడుల నుంచి తప్పుకున్నాయి. పంతుళ్లుగా కుదిరినవాళ్లకు ఉద్యోగాలు మిగిలాయి.

1950లో రాజ్యాంగం వచ్చింది. చదువు రాష్ట్రాల జాబితాలో పడింది. అంటే బడి పెట్టడం, పంతులును వేయడం, జీతం ఇవ్వడం రాష్ట్రం పని. అదే రాజ్యాంగంలో 275వ అధికరణం మొదటి క్లాజు కింద మన కోసం ఒక ప్రత్యేకమైన మాట ఉంది. షెడ్యూల్డు తెగల మేలు కోసం, షెడ్యూల్డు ప్రాంతాల పాలన మెరుగు కోసం, కేంద్రం ఆమోదంతో రాష్ట్రం చేపట్టే పథకాలకు ఢిల్లీ ఖజానా నుంచి గ్రాంటు ఇవ్వాలి. దయతో ఇచ్చేది కాదు, రాజ్యాంగం ప్రకారం ఇచ్చి తీరాల్సింది. అయితే అందులో ‘పథకం’ అన్న మాట చూడండి. రాష్ట్రం ఇచ్చేది పోస్టు. కేంద్రం ఇచ్చేది పథకం. పోస్టులో మనిషి రిటైరైనా ఖాళీ మిగులుతుంది, దాన్ని నింపమని ధర్నా చేయవచ్చు. పథకానికి గడువు ఉంటుంది, గడువు తీరాక అడగడానికి ఏమీ మిగలదు. తర్వాతి డెబ్భై ఏళ్ల ఏజెన్సీ చదువును ఈ తేడా పట్టుకుని చదివితే చాలా సంగతులు తేటపడతాయి.

ఐదో పంచవర్ష ప్రణాళికలో, 1974 నుంచి, గిరిజన ఉప ప్రణాళిక వచ్చింది. ఐటీడీఏలు వచ్చాయి. జనాభాలో గిరిజనుల వంతు ఎంతో రాష్ట్ర ప్రణాళిక పైసల్లో అంత వంతు మనకు కేటాయించాలి, దానికి పైన కేంద్రం ప్రత్యేక సాయం కలపాలి అన్నది లెక్క. ఆశ్రమ పాఠశాలలు ఈ కాలంలోనే పెరిగాయి. పోడు మీద, తునికాకు మీద బతికే ఇళ్ల పిల్లలు ఎందరో మొదటిసారి పదో తరగతి చూసింది ఆ ఆశ్రమాల్లోనే. అందులో పప్పు నీళ్లగా ఉండేదన్నది నిజమే, అయినా మా తరం పంతుళ్లలో చాలామందిమి ఆ పళ్లెంలో తిన్నవాళ్లమే. ఉప ప్రణాళిక కేటాయింపులు కాగితం మీద ఒకటి, ఖర్చు ఇంకొకటి అన్న ఫిర్యాదు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. ఆ పోరాటం వల్లే 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ప్రణాళికకు చట్టం వచ్చింది. 2017లో తెలంగాణ దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది.

ఈ మధ్యలో 1976లో జరిగిన ఒక మార్పును మనవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. ఎమర్జెన్సీ రోజుల్లో వచ్చిన 42వ రాజ్యాంగ సవరణ చదువును రాష్ట్రాల జాబితా నుంచి తీసి ఉమ్మడి జాబితాలో పెట్టింది. అదే సవరణ, అదే చోటికి, అడవిని కూడా మార్చింది. మన బతుకులో బడి, అడవి రెండూ పెద్ద సంగతులు. ఆ రెండింటి మీదా ఢిల్లీ చెయ్యి ఒక్క సవరణతోనే పడింది. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో బడి గది కట్టాలంటే కేంద్రం అనుమతి కావాల్సి వచ్చింది. పైసలు హైదరాబాద్‌లో మంజూరైనా పునాది తీయడానికి వీల్లేని గూడేలు ఏర్పడ్డాయి. 2006 అటవీ హక్కుల చట్టంలో 3(2) సెక్షన్ దీనికి కొంత దారి ఇచ్చింది. గ్రామసభ సిఫారసు చేస్తే బడి వంటి వాటికి ఒక హెక్టారు లోపు అటవీ భూమి, హెక్టారుకు 75 చెట్లు మించి కొట్టకుండా, ఇవ్వవచ్చు. ఈ సెక్షన్ తెలిసిన సర్పంచులు ఉన్నచోట గదులు లేచాయి. తెలియనిచోట ఇప్పటికీ ‘ఫారెస్టోళ్లు ఒప్పుకోరు’ అన్న మాట దగ్గరే ఆగిపోతోంది.

1990ల నుంచి ప్రాజెక్టుల కాలం మొదలైంది. ఏజెన్సీ ఐటీడీఏలు కొన్నిచోట్ల రోమ్‌లోని అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సాయంతో ‘మా బడి’ పేరుతో చిన్న గూడేల్లో ఏకోపాధ్యాయ బడులు పెట్టాయి. గూడెం వాళ్లే కొట్టం వేసుకోవాలి, చదువుకున్న గూడెం పిల్లవాడే పంతులు. మంచి ఆలోచన. ప్రాజెక్టు ముగిశాక ఆ పంతులుకు పోస్టు లేదు. ఆ తర్వాత డీపీఈపీ వచ్చింది, అందులో 85 పైసలు కేంద్రానివి, 15 రాష్ట్రానివి. 2001 నుంచి సర్వశిక్షా అభియాన్. దాని వాటా కూడా 85:15తో మొదలై, పదో ప్రణాళికలో 75:25, తర్వాత 65:35, 2015-16 నుంచి 60:40 అయింది. బండి కట్టినవాడు ఎద్దును ఒక్కొక్క మైలుకు కొంచెం కొంచెంగా విప్పుకుంటూ పోయినట్టు.

కేంద్రం దగ్గర జవాబు లేకపోలేదు. పద్నాలుగో ఆర్థిక సంఘం సిఫారసుతో 2015 నుంచి పన్నుల్లో రాష్ట్రాల వాటా 32 నుంచి 42 శాతానికి పెంచారు గనుక రాష్ట్రాలే ఎక్కువ భరించాలన్నారు. రాష్ట్రాల వాదన కూడా వినాలి. 2004 నుంచి మన దేశంలో పన్ను మీద విద్యా సెస్సు వేస్తున్నారు, మొదట 2 శాతం, 2018 నుంచి ఆరోగ్యంతో కలిపి 4 శాతం. సెస్సులో రాష్ట్రాలకు వాటా పంచాల్సిన పని లేదు. చదువు పేరుతో వసూలైన పైస చదువును నడిపే రాష్ట్రానికి హక్కుగా రాదు, మళ్లీ పథకం రూపంలోనే రావాలి. ఇద్దరి లెక్కలూ కాగితం మీద సరిగ్గానే ఉంటాయి. మధ్యలో వాలంటీరుకు జీతం రాదు. కేంద్రం మొదటి విడత ఇస్తుంది. రాష్ట్రం తన వాటా కలపాలి, ఖర్చు చేసినట్టు వినియోగ పత్రం పంపాలి, అప్పుడే రెండో విడత. ఒక మెట్టు దగ్గర ఆలస్యమైతే కింద అన్ని మెట్లూ ఆగుతాయి. మాలో కొందరం విద్యా వాలంటీర్లుగా చేసిన రోజుల్లో ఒక ఆఫీసు కిటికీ దగ్గర నెలల తరబడి విన్న మాట ఒక్కటే, ‘పై నుంచి రాలేదు’ అని. ఆ పై అనేది హైదరాబాదా ఢిల్లీయా అని అడిగితే గుమాస్తాకే తెలిసేది కాదు.

ఇంత చెప్పాక కోయ పుస్తకం దగ్గరికి రావాలి. మా దృష్టిలో మొత్తం కథకు కీలకం అదే.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సర్వశిక్షా అభియాన్ పైసలతో బహుభాషా విద్య మొదలైంది. గోండి, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషలు, 240 బడులు. మన వైపు వచ్చింది కోయ. తెలుగు లిపిలో కోయ మాటలతో వాచకాలు అచ్చయ్యాయి. దీని విలువ ఊళ్ల పంతుళ్లకు అర్థం కాకపోవచ్చు. తెలుగు వాచకంలో ‘ఏరు’ అంటే వాగు. మన పిల్లవాడికి ఏరు అంటే నీళ్లు, తాగే నీళ్లు. బొమ్మలో వాగు చూపించి ఏరు అని చదివిస్తే పిల్లవాడు తల ఊపుతాడు, కానీ అతను చదివింది వేరు. ఒకటో తరగతిలో ఇట్లాంటివి వంద దాటితే పిల్లవాడు బడికి రావడం మానేసి మేకల వెంట పోతాడు. కోయ వాచకం ఆ పోకను కొంత ఆపింది. ఆ పుస్తకాలు పట్టుకుని పిల్లలు గట్టిగా చదువుతుంటే బయట నిలబడి విన్న తల్లుల ముఖాలు మాకు గుర్తున్నాయి.

పుస్తకానికి పైసలు పథకంలో ఉన్నాయి. ఆ పుస్తకం చెప్పే పంతులు సంగతి? కోయ వచ్చిన పంతులును వేయడం రాష్ట్రం చేతిలో పని. దానికి ఒక దారి ఉండేది. 1986లో ఏజెన్సీ బడుల్లో పంతుళ్ల పోస్టులు స్థానిక గిరిజనులకే అంటూ 275 నంబరు జీవో వచ్చింది. (275 అంకె మనకు రెండుసార్లు తగిలింది, ఒకసారి రాజ్యాంగంలో, ఒకసారి జీవోలో.) అది కోర్టుల్లో చిక్కింది. 2000 జనవరి 10న 3 నంబరు జీవో వచ్చింది, నూటికి నూరు పోస్టులు స్థానిక గిరిజనులకే. మాలో ఎందరమో ఆ జీవో కింద ఉద్యోగంలోకి వచ్చినవాళ్లం. కానీ ఆ జీవోలో భాష ఊసు లేదు. గిరిజనుడై ఉంటే చాలు. కోయ రాని పంతులు కోయ గూడేనికి, కోయ వచ్చిన పంతులు ఇంకో చోటికి పోయిన సందర్భాలు ఎన్నో. ఢిల్లీ పుస్తకం ఇచ్చింది, పంతులును అడగలేదు. హైదరాబాద్ పంతులును ఇచ్చింది, పుస్తకాన్ని చూడలేదు. ‘కోయ బోధన’ అనే ఒక పోస్టును రాష్ట్ర పద్దులో సృష్టించి ఉంటే రెండూ కలిసేవి. ఎవరూ సృష్టించలేదు. పథకం మీద శ్రద్ధ తగ్గాక పుస్తకాలు బీరువాల్లోకి పోయాయి. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని 3 నంబరు జీవోను కొట్టివేసింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో నిలిపింది. అదే ఏడాది వచ్చిన కొత్త జాతీయ విద్యా విధానం ఐదో తరగతి దాకా తల్లిభాషలో చెప్పడం మంచిదంది. 

ఏకలవ్య బడులను ఈ వెలుగులో చూడాలి. 1997-98లో ఇవి 275(1) గ్రాంటుతోనే మొదలయ్యాయి. మొదట్లో రాష్ట్ర గురుకుల సొసైటీయే నడిపేది. 2018 బడ్జెట్‌లో సగానికి మించి గిరిజనులు, కనీసం 20,000 మంది గిరిజన జనాభా ఉన్న ప్రతి బ్లాకులో ఒకటి పెడతామన్నారు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల వంటి మండలాలకు అట్లా వచ్చాయి. ఒక్కో బడిలో 480 మంది పిల్లలు, పిల్లకు ఏడాదికి 1,09,000 రూపాయలు అని అప్పట్లో లెక్క పెట్టారు, అంతా కేంద్రానిదే. మన ఆశ్రమంలో ఏడో తరగతి లోపు పిల్లకు మెస్ చార్జీ నెలకు 950 ఉండేది, 2024 చివరలో 1,330 చేశారు. ఈ రెండింటినీ నేరుగా పోల్చకూడదు, మెస్ చార్జీలో జీతాలూ కరెంటూ ఉండవు. అయినా తేడా ఎంతో గూడెంలో ఎవరినడిగినా చెబుతారు.

డబ్బు ఎక్కువే, సంతోషమే. కానీ పంతుళ్ల నియామకం ఇప్పుడు ఢిల్లీలోని జాతీయ సంస్థ చేస్తోంది. 2023లో దేశమంతటికీ ఒకే పరీక్ష పెట్టారు, అందులో హిందీ రావాలి. హిందీ రాష్ట్రాల నుంచి ఎంపికైన యువకులు తెలంగాణ ఏజెన్సీకి వచ్చారు. కోయ కాదు కదా తెలుగు కూడా తెలియని పంతులు, హిందీ తెలియని పిల్ల. చాలామంది వెనక్కి బదిలీ అడిగారు, వాళ్లను తప్పు పట్టలేం. 275(1) పైసతో కట్టిన బడిలో 3 నంబరు జీవో తెచ్చిన పంతులుకు చోటు లేకుండా పోయింది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో 1934లో జాన్సన్-ఓమాలీ చట్టం చేశారు. ఆదివాసీ పిల్లలు రాష్ట్రాల బడుల్లో చదివితే ఆ ఖర్చుకు ఫెడరల్ సర్కారు పైసలిస్తుంది. ఆ పైసలను బడి బోర్డులు ఉమ్మడి ఖర్చుల్లో కలిపేస్తున్నాయని 1971లో వచ్చిన ఒక నివేదిక లెక్కలతో చూపింది. మన ఉప ప్రణాళిక మీద వచ్చిన ఫిర్యాదు ఏమిటో అదీ అదే. 1975లో అక్కడ చట్టం మార్చి, ఆ పైసల వాడకంలో ఆదివాసీ తల్లిదండ్రుల కమిటీలకు మాట ఇచ్చారు. అక్కడ అంతా బాగుపడిందని కాదు. కానీ పైస ఢిల్లీదా రాష్ట్రానిదా అన్న తగవులో మూడో మనిషిని, పిల్ల తల్లిని, కూర్చోబెట్టారు.

మన దగ్గర తగవు ఇద్దరి మధ్యే నడుస్తోంది. పీఎం శ్రీ ఒప్పందం మీద సంతకం పెట్టలేదని తమిళనాడుకు 2024-25లో 2,152 కోట్ల సమగ్ర శిక్ష పైసలు ఆపారు. ఆ రాష్ట్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలంగాణ సంతకం పెట్టింది కాబట్టి మనకు ఆ ఇబ్బంది రాలేదు. మన ఇబ్బంది సరిహద్దులో ఉంది.

2014లో పోలవరం కోసం ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు కలిపారు. కూనవరం, చింతూరు, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొంత, భద్రాచలం పట్టణం తప్ప ఆ మండలం. ఎటపాక, కన్నాయిగూడెం, పిచుకలపాడు, పురుషోత్తపట్నం, గుండాల పంచాయతీలు భద్రాచలం పక్కనే ఉన్నా రాష్ట్రం వేరు. మునిగే గూడేల వాళ్లకు కట్టే పునరావాస కాలనీల్లో బడి కట్టడం చట్టం ప్రకారం ప్రాజెక్టు బాధ్యత. పోలవరం జాతీయ ప్రాజెక్టు గనుక మన బడి గది ఖర్చు మొదటిసారిగా నీటిపారుదల పద్దులోకి ఎక్కింది. ఆ పద్దులో గది ఉంటుంది. పంతులు ఉండడు.

ఇంకా కిందికి దిగితే గుత్తికోయల గుంపులు. 2005 తర్వాత సల్వాజుడుం రోజుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి మన అడవుల్లో బతుకుతున్నవాళ్లు. వలస వచ్చారని ఇక్కడ వాళ్లకు ఎస్టీ సర్టిఫికెట్ ఇవ్వరు. వాళ్లుండేది అటవీ భూమి. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి పిల్లకూ వర్తిస్తుంది, ఏడో సెక్షన్ ఆ ఖర్చు కేంద్రం, రాష్ట్రం ఇద్దరి బాధ్యత అంటుంది. ఇద్దరిదీ అన్నప్పుడు ఏమవుతుందో గుంపులో చూడవచ్చు. నాలుగు కర్రలు పాతి కప్పిన కొట్టం, ఒక వాలంటీరు. ఏడాది పైసలు వస్తే నడుస్తుంది, రాకపోతే కొట్టంలో మేకలుంటాయి.

1996 పెసా చట్టం నాలుగో సెక్షన్ తీసి చూడండి. షెడ్యూల్డు ప్రాంతంలో సామాజిక రంగ సంస్థల మీద, వాటి ఉద్యోగుల మీద, గిరిజన ఉప ప్రణాళికతో సహా స్థానిక ప్రణాళికల పైసల మీద అదుపు పంచాయతీకి, గ్రామసభకు ఉండాలని అందులో రాసి ఉంది. పంచాయతీ పెట్టిన ఖర్చుకు వినియోగ పత్రం గ్రామసభ ఇవ్వాలని కూడా ఉంది. బడి ఆ సామాజిక రంగంలోదే. బడి పైసల వినియోగ పత్రాలు మాత్రం ప్రధానోపాధ్యాయుడి సంతకంతో మండలానికి, అక్కడి నుంచి జిల్లా ప్రాజెక్టు ఆఫీసుకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు, ఢిల్లీకి పోతున్నాయి. దానిలో గ్రామసభ సంతకానికి గడి లేదు.